మూఢంలో కవర్లు

పెళ్లిళ్లు లేని రోజుల్లో మా నాన్న ప్రెస్సులో కవర్లు చేయించేవాడు. ఎవరూ అడగని కవర్లు. ఆషాఢమైనా, మూఢమైనా, చిక్కడపల్లిలోని మా సందులోకి పెళ్లిపత్రిక అడిగే మనిషి ఒక్కడూ రాకపోయినా, ప్రెస్సు వెనక గదిలో మైదా జిగురు మాత్రం ఉడుకుతూనే ఉండేది. కటింగ్‌లో మిగిలిన కాగితంతో చదివింపుల కవర్లు, చిన్న చిన్న ప్యాడ్లు, పిల్లలకు రఫ్ నోటుబుక్కులు. చేసినవన్నీ అటక ఎక్కేవి. కొన్ని అమ్ముడయ్యేవి, కొన్ని అంచులు రంగు మారేదాకా అక్కడే కాపురం ఉండేవి.

అవి చేసే మనిషి ఒకావిడ. నేను ఇంటర్ చదివే రోజుల్లో అడిక్‌మెట్ నుంచి నడిచి వచ్చి పనిలో చేరింది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. చాప మీద కూర్చుని, వెదురుబద్దతో మడత నొక్కి, వేలితో జిగురు రాసి, అతికించి పక్కన పడేసేది. మాట్లాడుతూనే చేసేది, చేతుల వైపు చూసేది కూడా కాదు. సీజన్‌లో పెళ్లిపత్రికలు మడిచి కవర్లలో పెట్టేది, సీజన్ లేనప్పుడు ఈ ఎవరికీ అక్కర్లేని కవర్లు చేసేది. ఆదివారాలూ పండగలూ పోను ఏడాదిలో ఆమెకు పని లేని రోజు ఉండేది కాదు. అది మా నాన్న పెట్టిన పద్ధతి. దాన్ని చెడగొట్టింది నేను.

చెడగొట్టానని ఇప్పుడంటున్నాను. అప్పుడు బాగుచేస్తున్నాననే అనుకున్నాను. అంత చదువు చదివి మరీ అనుకున్నాను.

నేను ఇంజనీరింగ్ చేసి, ఊరి చివర బ్రేకుల భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పదహారేళ్లు పనిచేశాను. ఏ భాగం ఎప్పుడు ఎన్ని చేయాలో తేల్చే విభాగం మాది. అక్కడ మాకు వేదం ఒక్కటే, జస్ట్ ఇన్ టైమ్. అడిగినదే చెయ్యి, అడిగినప్పుడే చెయ్యి, అడిగినంతే చెయ్యి. ముందు చేస్తే తప్పు, ఎక్కువ చేస్తే ఇంకా పెద్ద తప్పు. ముందు బల్ల వాడు చీటీ పంపితేనే వెనక బల్ల వాడు చెయ్యి కదపాలి. చీటీ రాకపోతే చేతులు కట్టుకుని నిలబడాలి. సరుకు నిల్వ ఉందంటే దాని అడుగున ఏదో లోపం దాక్కుని ఉన్నట్టే లెక్క. చెరువులో నీళ్లు తగ్గిస్తేనే రాళ్లు బయటపడతాయి, బయటపడితేనే తీసెయ్యగలం అని మా పెద్ద మేనేజరు బోర్డు మీద చెరువు బొమ్మ వేసి చెప్పేవాడు. ఆ బొమ్మ నాకెంత తలకెక్కిందంటే, ఇంటికొచ్చి మా అమ్మతో కందిపప్పు డబ్బాల దగ్గర పోట్లాడాను. నెలకు సరిపడా పప్పు ఇంట్లో ఎందుకు, సందు చివర కొట్టు ఉంది కదా అని.

ఆ ఫ్యాక్టరీ గేటు బయట పొద్దున్నుంచీ లారీలు నిలబడి ఉండేవి. మాకు సరుకు తెచ్చిన లారీలే. వంతు వచ్చేదాకా లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. డ్రైవర్లు లారీ నీడలో స్టౌ పెట్టుకుని అన్నం వండుకునేవాళ్లు. లోపల మా గోడౌన్ అద్దంలా మెరిసేది, ఎవరొచ్చినా చూపించి మురిసిపోయేవాళ్లం. నిల్వ ఎక్కడికీ పోలేదు, గేటు బయట ఎండలో నిలబడి ఉంది అన్న సంగతి పదహారేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. రోజూ ఆ లారీల పక్కనుంచే కంపెనీ బస్సులో వెళ్లేదాన్ని.

నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఉద్యోగం మానేసి ప్రెస్సు కుర్చీలో కూర్చున్నాను. మొదటి రోజే అక్క నన్ను పాపా అనడం మానేసి మేడం అంది. వద్దనలేదు. నిజం చెప్పాలంటే బాగానే అనిపించింది.

వారం తిరక్కుండా అటక దించేశాను. రద్దీ కాగితాలు కొనే అతను రెండు ట్రాలీ ఆటోలు నింపుకుపోయాడు. కవర్ల కట్టలు ఆటోలోకి విసురుతుంటే అక్క గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఆ సాయంత్రం నారాయణగూడ ఇంట్లో నాన్న అడిగాడు.

"అటక ఖాళీ చేశావట?"

"అవును నాన్నా. ఎన్నేళ్ల చెత్తో, పురుగులు కూడా పట్టాయి."

"మరి మూఢం వస్తే ఆవిడేం చేస్తుంది?"

నేను నవ్వాను. "పని లేనప్పుడు పని కల్పించడం కంటే దండగ ఇంకోటి లేదు నాన్నా. దండగలు ఏడు రకాలని మా ఫ్యాక్టరీలో చెప్పేవాళ్లు. అక్కర్లేనిది చేసి పెట్టుకోవడం వాటిలో మొదటిది."

ఆయన నోరు అప్పటికే కాస్త వంకరపోయింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. "ఏడా... సరే. ఆవిడేం చేస్తుంది?" అని మళ్లీ అదే అడిగాడు. నేను టీవీ సౌండు పెంచాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

మర్నాడు అక్కను కూర్చోబెట్టి చెప్పాను. ఇక రోజూ రానక్కర్లేదు, పనున్న రోజు నేనే ఫోన్ చేస్తాను, చేసిన గంటలో రావాలి, ఎంత చేస్తే అంత ఇస్తాను అని.

"అంటే దినాం రావద్దా మేడం?"

"నీకే సుఖం కదక్కా. ఇంటి దగ్గర ఆయన్ని చూసుకోవచ్చు."

ఆమె భర్త ఆటో నడిపేవాడు. ఆటో బోల్తా పడి నడుం విరిగినప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు. అక్క తల ఊపింది. "గట్లనే మేడం. ఆయనకు తినబెట్టి పదింటికల్ల తయారుంట. మీరు ఫోన్ కొట్టుడే ఆలస్యం."

నేను చేసిన ఆ పనిని దయ అని కూడా అనుకున్నాను, చూడండి నా తెలివి.

ఆ మాఘం, ఫాల్గుణం పని చక్కగా సాగింది. పొద్దున మార్కెట్ నుంచి ఖాళీ కార్డులు వచ్చేవి, మధ్యాహ్నానికి అచ్చయ్యేవి, అక్క వచ్చి మడిచి సర్దితే సాయంత్రానికి పెళ్లివారు పట్టుకుపోయేవాళ్లు. మర్నాటికి ప్రెస్సులో ఒక్క కాగితం మిగిలేది కాదు. పక్క ప్రెస్సుల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. హిమాయత్‌నగర్‌లో ఒక హాల్లో చిన్న వ్యాపారుల మీటింగు పెట్టి నన్ను మాట్లాడమంటే, బోర్డు మీద చెరువు బొమ్మ వేసి గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు మండుతుంది, వాళ్ల మీద కాదు.

ఆ ఏడు వైశాఖంలోనే మూఢం పట్టుకుంది. అది వదిలేలోగా ఆషాఢం. మూడు నెలల పాటు ఒక్క ముహూర్తం లేదు. నాన్న హయాంలో అయితే అక్కకు అవే అన్నిటికంటే తీరికలేని నెలలు, అటక నిండిపోయేది. నేను ఒక్క ఫోన్ కూడా చేయలేదు. పని లేదు కాబట్టి చేయలేదు. అందులో తప్పేముందో అప్పుడు ఎవరైనా చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు.

మూఢం పట్టిన మూడో వారంలో ఆమే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "గిటు దిక్కు పనుండి వచ్చిన మేడం. ఏమన్న ఉన్నదా?"

గిటు దిక్కు ఆమెకు ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు. నాకు విసుగొచ్చింది. "ఉంటే ఫోన్ చేస్తానన్నాను కదక్కా. ఊరికే ఎండలో నడిచి రావడం దేనికి?" అన్నాను. ఆమె ఇంకెప్పుడూ పిలవకుండా రాలేదు.

ఆషాఢం సగంలో ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదలు.

"మేడం, అశోక్ నగర్ల ఆడపిల్లల హాస్టల్ల వంటకు మనిషి కావాల్నంట. సర్కారు కొలువులకు చదివే పిల్లలు ఉంటరు చూడుండ్రి, ఆ హాస్టల్. తెల్లారంగ పోవాలె, మాపటికి రావాలె. నెల నెల జీతమిస్తమంటున్నరు. పోవాల్నా, వద్దా?"

నన్ను అడగాల్సిన పని ఆమెకు లేదు. రెండున్నర నెలలుగా నేను ఆమెకు ఒక్క రూపాయి పని ఇవ్వలేదు. అయినా అడిగింది, ఎందుకంటే పదింటికల్లా తయారుంటానని నాకు మాటిచ్చింది. నేను గబగబా లెక్క వేసుకున్నాను. శ్రావణం వస్తోంది, మూడు నెలలుగా ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, ఇంత వేగంగా మడిచే చెయ్యి మళ్లీ దొరకదు.

"ఇప్పుడు పోతే ఎలా అక్కా? శ్రావణంలో ఊపిరి సలపదు మనకు. నువ్వు లేకపోతే పని ఆగిపోతుంది."

"అయితే పోవద్దంటరా?"

"పోవద్దు."

"మంచిది మేడం. వద్దని చెప్త."

అంతే మాటలు. ఫోన్ పెట్టేసి నేను టీ తెప్పించుకున్నాను. గండం గడిచిందని మనసు తేలికపడింది. ఆమె రోజులన్నీ అడిగి తీసుకున్నాను, నా వైపు నుంచి ఒక్క రోజుకు కూడా హామీ ఇవ్వలేదు. ఇవ్వాలని తోచలేదు కూడా. నేను చేసిన పాపాలు చాలా ఉండొచ్చు గానీ, ఇంత మర్యాదగా, ఇంత నెమ్మదైన గొంతుతో చేసింది ఇదొక్కటే.

శ్రావణం వచ్చింది. ముహూర్తాలూ వచ్చాయి, పత్రికలే రాలేదు. బాగ్ లింగంపల్లి నుంచి ఒక పెళ్లికూతురి తండ్రి, మా పాత ఖాతాదారే, పెద్ద కూతురి పెళ్లికి ఎనిమిది వందల పత్రికలు వేయించినాయన, వచ్చి కూర్చున్నాడు. "యాభై చాలు మేడం. దేవుని కాడ పెట్టనీకి, పెద్దోళ్లకు ఇయ్యనీకి. తతిమ్మా అందరికి ఫోన్ల వీడియో పంపుతం," అన్నాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లదీ అదే మాట. పైగా మార్కెట్ నుంచి వచ్చే కార్డులు మడత పడి, కవరు అతికి, తయారుగానే వస్తున్నాయి. ఆ శ్రావణం మొత్తానికి అక్కకు దొరికింది ఆరు రోజుల పని. కార్తీకంలో రెండు రోజులు. ఆ పైన వచ్చిన కొద్దిపాటి పత్రికలు మిషన్ నడిపే అతనే ఖాళీ దొరికినప్పుడు మడిచేసేవాడు.

ఆమెను పిలవకూడదని నేనెప్పుడూ అనుకోలేదు. మానేశానన్న రోజంటూ ఒకటి లేదు. పని లేదు, ఫోన్ లేదు, అంతటితో సరి. చీటీ రాకపోతే వెనక బల్ల వాడు ఆగిపోతాడు, అతనికి ఎవరూ వచ్చి చెప్పరు. అక్కకు కూడా అర్థమై ఉంటుందిలే అని కూడా అనుకోలేదు. అసలు ఆమె గురించే అనుకోలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఈ కథంతా అబద్ధమవుతుంది.

అలా ఏడాది దాటింది. ప్రెస్సు మీద ఇల్లు గడవక నారాయణగూడలోనే ఒక కాలేజీలో ఎంబీఏ పిల్లలకు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. ఏ పాఠమో చెప్పక్కర్లేదు. క్లాసుకు ముందు ఫ్యాక్టరీ రోజుల పుస్తకాలు తీసి చదువుకుంటుంటే చివర్లో ఒక అధ్యాయం కనబడింది. అప్పట్లో పేజీలు తిప్పేసిన అధ్యాయం. నిల్వలు తగ్గించే ముందు పనిని రోజుల మీద సమంగా పరచుకోవాలట. ఒకరోజు కొండంత, ఒకరోజు సున్నా కాకుండా, ఎత్తుపల్లాలు చదును చేసుకున్నాకే మిగతా సూత్రాలన్నీ. అది చేయకుండా నిల్వ తీసేస్తే ఆ బరువంతా వరసలో అందరికంటే చివరి మనిషి మీద పడుతుంది.

మూడుసార్లు చదివాను. పెళ్లిళ్ల పనిలో ఎత్తుపల్లాలు పంచాంగం రాసిపెట్టినవి, వాటిని ఎవరూ మార్చలేరు. ఆ పల్లాలను మా నాన్న కవర్లతో పూడ్చాడు. ఆయన ఏ పుస్తకం చదవలేదు. నేను మొదటి అధ్యాయం చదివి వచ్చి ఆయన చివరి అధ్యాయాన్ని రద్దీకి వేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది, ఊడింది నా నాలుక కూడా కాదు.

ఆ సాయంత్రం నాన్న మంచం పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. రెండోసారి వచ్చిన పక్షవాతం ఆయన మాటను పూర్తిగా తీసుకుపోయింది. చెప్పినంతసేపూ నా ముఖమే చూశాడు. ఆయన ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. ఏడాదిగా ఆవిడేం చేస్తోందో నాకు తెలియదు.

మర్నాడు వెళ్లాను. అప్పటికే ప్రెస్సు అమ్మకానికి బేరం కుదిరింది, అది కూడా ఆమెకు చెప్పాలి. బాగ్ లింగంపల్లి మీదుగా నడుచుకుంటూ, అడుగడుగునా మాట్లాడాల్సిన మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. ఇన్నేళ్లలో ఆమె ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి. సందులో ఇద్దర్ని అడిగితే ఇల్లు చూపించారు. ఒకటే గది. అప్పటికి పదకొండు కావస్తోంది.

అక్క తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కన సంచి, సంచిలో టిఫిన్ డబ్బా. నన్ను చూసి గబుక్కున లేచింది. ముఖం ఎంత వెలిగిందో.

"మీరెందుకొచ్చిన్రు మేడం, ఫోన్ కొడితే ఉరుక్కుంట వస్తుంటి గద. జర ఆగుండ్రి, చెప్పులేసుకుంట."

"ఎక్కడికో బయల్దేరినట్టున్నావు అక్కా?" అన్నాను.

జవాబు మంచం మీది నుంచి వచ్చింది. "యాడికి లేదమ్మా. దినాం గిట్లనే. పదింటికి తయారై కూసుంటది. రెండు కొట్టినంక చీర మార్సుకుంటది." ఆయన మాటలో ఫిర్యాదు లేదు. ఇంటి అలవాటు ఒకటి కొత్తవాళ్లకు చెబుతున్నట్టు చెప్పాడు. "మాపటికి పూలల్లుతది. రెండిండ్లల్ల బోళ్లు తోమే పనికి రమ్మన్నరు గని, మీ టైమ్ల అడ్డమొస్తదని ఒప్పుకోలే."

మీ టైమ్. ఏడాదికి పైగా, రోజుకు నాలుగు గంటలు. నా గోడౌన్ ఖాళీగా ఉందని నేను చప్పట్లు కొట్టించుకున్నాను, ఈ మనిషి ఈ గదిలో నా కోసం నిల్వ ఉంది. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. ఆమె అప్పటికే సంచి భుజానికి తగిలించుకుంది.

"పని లేదక్కా," అన్నాను. "ఇక ఉండదు. ప్రెస్సు అమ్మేస్తున్నాను."

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టి అలాగే నిలబడింది. "గీ మాట ఫోన్ల చెప్పకపోయిన్రా మేడం. అప్పుడే చెప్తే హాస్టల్‌కు పోతుంటి గద."

"చెప్పాలని తట్టలేదక్కా. మర్చిపోయాను."

"మర్సిపోయిన్రా," అంది. కోపంగా కాదు, ఆ మాటను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. సంచి కిందికి దించింది, కూర్చోలేదు. "నేను మీకు కోపమొచ్చిందనుకున్న. ఆఖరుసారి చేసిన పత్రికల్ల నాలుగింటికి మూలలు వంకరొచ్చినయి. మీరు చూసి పక్కకు పెట్టిన్రు, ఒక్క మాటనలే. దానికే పిలుస్తలేరని దినాం సోంచాయిస్తున్న."

ఆ నాలుగు పత్రికలు నాకు గుర్తు లేవు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. నీ చేతిలో ఏ తప్పూ లేదక్కా, తప్పంతా నాదే, పెళ్లిళ్లకు పత్రికలే వేయించుకోవడం లేదు ఎవరూ, ప్రెస్సే ఉండదు ఇక అని ఆమె చేతులు పట్టుకుని మళ్లీ మళ్లీ చెప్పాను. ఆమె వింది, తల ఊపింది. పెద్దింటివాళ్లు మొహమాటానికి ఏదో అంటారు, వినాలి అన్నట్టు ఊపింది. తర్వాత మంచం మీద ఉన్నాయనకు వినబడకుండా గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్కసారి పిలువుండ్రి మేడం. గీ మాటు వంకర రానియ్య."